దుబాసీ చదువు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, పెన్షను అనేది సర్కారు దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు మనకు హక్కుగా రావలసినదని తేలింది. ఆ తీర్పు ఇంగ్లీషులో ఉంది. మనలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవారు ఎందరో చేతులెత్తమంటే నేను కూడా ఎత్తలేను. ఎవరో చదివి, మనకు తెలుగులో విప్పి చెప్పారు. అప్పుడు గాని మన హక్కు మనకు తెలియలేదు. నేను చెప్పబోయే విషయానికీ దీనికీ సంబంధం ఉంది గనుక మొదటే మనవి చేశాను.

కార్యదర్శి గారు నన్ను డీఏ బకాయిల మీద గానీ, హెల్త్ కార్డుల మీద గానీ మాట్లాడమన్నారు. వాటి మీద నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మా ఇంట్లో జరిగిన ఒక తగవు గురించి చెప్తాను. తగవు దేని మీదంటే, మా మనవరాలి చదువు మీద. ఇంటర్మీడియెట్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇంజనీరింగుకు పోతుందని మేమంతా అనుకుంటూ ఉంటే, ఆ అమ్మాయి "నేను బీఏలో కొరియా భాష చదువుతాను" అని కూర్చుంది.

మా వాడు, అంటే ఆ పిల్ల తండ్రి, నా దగ్గరికి వచ్చి, "నాయినా, నా మాట వినేటట్టు లేదు. నీ మాటైతే కాదనదు. నువ్వే చెప్పు" అన్నాడు. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసినవాణ్ణి, ఒక పిల్లకు నచ్చజెప్పలేనా అనుకుని ఒప్పుకున్నాను.

ఈ కొరియా పిచ్చి ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు వేరే చెప్పనక్కర లేదు. మన ఎర్రమంచి నుంచే వచ్చింది. ఎర్రమంచి అంటే మనకు జ్ఞాపకం ఉన్నది ఏమిటి? ఎర్రనేల, వేరుశనగ చేలు, వాన కోసం ఆకాశం వంక చూసే రైతులు. పెనుకొండ కొండ కింద నుంచి జాతీయ రహదారి మీద బస్సులో పోతుంటే ఆ ఊరు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో కూడా తెలిసేది కాదు. అటువంటి చోట కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి 2017 ఏప్రిల్‌లో కొరియా దేశపు కియా కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. సుమారు 536 ఎకరాల స్థలం, ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యం. గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్ళు. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా కారు బయటికి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో సెల్టోస్ అనే కారు అమ్మకానికి వచ్చింది. డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. 2023 జూలై నాటికి ఇక్కడ తయారైన కార్ల లెక్క 10 లక్షలు దాటింది.

ఫ్యాక్టరీతో పాటు విడిభాగాల యూనిట్లు వచ్చాయి. వాటితో కొరియా దేశస్థులు వచ్చారు. వారితో వారి తిండి, వారి అక్షరాలు వచ్చాయి. పెనుకొండ దారిలో తెలుగు, ఇంగ్లీషు బోర్డుల పక్కన గుండ్రాలు, గీతలు, పెట్టెలతో కూడిన బోర్డులు కనిపించసాగాయి. వాటిని మొదట చూసినప్పుడు నేను చైనా అక్షరాలనుకున్నాను. "తాతా, అవి చైనావి కావు, కొరియావి" అని మా మనవరాలే నన్ను సరిదిద్దింది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు ఉంటాయేమో.

సరే, నచ్చజెప్పడానికి కూర్చున్నాను. "అమ్మా, ఆ భాష మనకు ఎంతో దూరం. చైనావాళ్ళదీ, వాళ్ళదీ బొమ్మల రాత. వేల అక్షరాలు. మన నాలుక తిరగదు. ఎందుకొచ్చిన బాధ?" అన్నాను. ఆ పిల్ల నవ్వి లోపలికి పోయి ఒక కాగితం, పెన్సిలు తెచ్చింది. గంట సేపట్లో నేను చెప్పినవన్నీ తప్పని రుజువు చేసింది. ఆ రోజు నేను నేర్చుకున్నవి కొన్ని మీతో పంచుకుంటాను.

చైనా రాతలో ఒక్కో గుర్తు ఒక్కో పదానికో, పదంలోని ఒక భాగానికో నిలుస్తుంది. వేల గుర్తులు నేర్వవలసిందే. పూర్వం కొరియావాళ్ళు కూడా అదే రాత వాడుకునేవారు. పండితులకు తప్ప సామాన్యులకు అది వచ్చేది కాదు. అప్పుడు సేజొంగ్ అనే రాజు 1443లో తన ప్రజల కోసం కొత్త అక్షరాలు తయారు చేయించి, 1446లో ప్రకటించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న మూల అక్షరాలు 24. హల్లులు 14, అచ్చులు 10. ఆ హల్లుల రూపాలు పలికేటప్పుడు నాలుక, పెదవులు, గొంతు ఉండే తీరును బట్టి గీసినవట. ఆ అక్షరాలు వద్దని 1444లో ఆస్థాన పండితులు రాజుకు అర్జీ పెట్టుకున్నారు. చైనా రాత వదిలితే నాగరికత పోతుందని వారి భయం. గ్రాంథికమా, వ్యావహారికమా అని మన గిడుగు రామమూర్తి పంతులు గారి కాలంలో జరిగిన వాదాలు నాకు జ్ఞాపకం వచ్చాయి. మనం గిడుగు వారి పుట్టిన రోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకున్నట్టే, దక్షిణ కొరియాలో అక్టోబరు 9ని అక్షరాల పండుగగా జరుపుకుంటారు.

ఇక ఆ అక్షరాలు కూర్చే పద్ధతి చూడండి. ఇంగ్లీషులో లాగా వరుసగా పేర్చరు. హల్లు, దాని పక్కనో కిందనో అచ్చు, అవసరమైతే అడుగున మరో హల్లు, అన్నీ కలిపి ఒక పెట్టెలాగా రాస్తారు. మన గుణింతం, కింద ఒత్తు తెలిసినవాడికి ఇది అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? నాకు డెబ్భై దాటిన వయసులో రెండు రోజులు పట్టింది.

వాక్యం సంగతి మరీ వింత. "నేను అన్నం తింటాను" అన్న మాటను ఇంగ్లీషులో చెప్పాలంటే నేను, తింటాను, అన్నం అని మాటలను తిప్పి వేయాలి. చైనా భాషలో కూడా అంతే. కొరియా భాషలో "నానున్ పబుల్ మొగొయో". నానున్ అంటే నేను, పబుల్ అంటే అన్నాన్ని, మొగొయో అంటే తింటాను. వరుస మారలేదు. మన "ను, ని, కి, తో" విభక్తుల లాగానే మాట చివర ప్రత్యయాలు చేరతాయి. క్రియ చివర వస్తుంది. పెద్దవాళ్ళతో ఒక రకంగా, చిన్నవాళ్ళతో ఒక రకంగా క్రియ మారుతుంది. మన "రా, రండి" వంటిదే, ఇంకా ఎక్కువ మెట్లున్నాయి. తల్లిని "ఒమ్మా" అంటారు, తండ్రిని "అప్పా" అంటారు. మన వైపు తండ్రిని అప్పా అని పిలిచే ఇళ్ళు ఎన్ని లేవు?

ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఈ పోలికలు చూసి రెండూ ఒక తల్లి బిడ్డలని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఈ మాట కొత్తది కాదు. 1905లోనే హల్బర్ట్ అనే అమెరికా ఆయన కొరియా భాషనూ, మన ద్రావిడ భాషలనూ పోల్చి ఒక వ్యాకరణ గ్రంథం రాశాడు. నేటి భాషా శాస్త్రజ్ఞులు ఆ బంధుత్వాన్ని అంగీకరించడం లేదు. వాక్యం తీరు ఒకటైనంత మాత్రాన చుట్టరికం రాదు. అలాగే క్రీస్తు శకం 48లో అయుత అనే దేశం నుంచి ఒక రాజకుమారి ఓడలో పోయి కొరియాలో రాజును పెళ్ళాడిందని వారి పాత గ్రంథంలో కథ ఉంది. దాన్ని బట్టి మన అయోధ్యలో 2001లో స్మారకం కూడా కట్టారు. కథను కథగా గౌరవిద్దాం. చుట్టరికం లేకపోయినా పొరుగువాడితో స్నేహం చేయవచ్చు గదా!

అక్షరాల దగ్గర ఓడిపోయాను గనుక మరో బాణం వేశాను. "నేర్చుకోవాలంటే మూడు నెలల కోర్సు చాలు. ఇంజనీరింగు చదువుతూ సాయంత్రం పూట నేర్చుకో. మూడేళ్ళు కాలేజీలో కూర్చుని భాష చదవడం ఏమిటి?" అన్నాను. దీనికి ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. కానీ వారం తిరక్కుండా మా వీధిలోనే జవాబు దొరికింది.

మా పక్కింటి అబ్బాయి ఒక విడిభాగాల యూనిట్‌లో పని చేసేవాడు. కష్టపడే పిల్లవాడు. ఒక రోజు కొరియా నుంచి వచ్చిన పైఅధికారి ఏదో పని చూపించి, చేస్తావా అన్నట్టు అడిగాడట. మనవాడు మన అలవాటు ప్రకారం తల కాస్త పక్కకు ఊపాడు. "అట్లే సార్" అని మన అర్థం. ఆయనకు అది "చేయను" అన్నట్టు కనిపించింది. మళ్ళీ అడిగాడు, మనవాడు మళ్ళీ ఊపాడు. ఆయనకు కోపం వచ్చింది. ఆయన కేక వేశాడు, వీడు బెదిరి సంజాయిషీ కాగితం ఎడమ చేత్తో అందించాడు. వారికి పెద్దల చేతికి ఏదిచ్చినా, పెద్దల నుంచి ఏది తీసుకున్నా రెండు చేతులూ పట్టడం మర్యాద. పొమ్మన్నారనుకుని మనవాడు ఇంటికి వచ్చేశాడు. మూడు రోజులు పనికి పోలేదు. తర్వాత మధ్యలో ఎవరో మాట్లాడి సర్దారు. ఇందులో వాళ్ళ తప్పూ లేదు, మనవాడి తప్పూ లేదు. ఒక్క మాట కూడా తప్పుగా తర్జుమా కాలేదు, ఎందుకంటే అక్కడ మాటే లేదు. ఉన్నదల్లా ఒక తల ఊపు. అది ఏ మూడు నెలల కోర్సు పుస్తకంలో ఉంటుంది?

అప్పుడు మా మనవరాలు అంది: "తాతా, భాష అంటే మాటలే కాదు. వాళ్ళు ఎప్పుడు వంగి నమస్కరిస్తారు, ఎప్పుడు ఊరుకుంటారు, ఎందుకు మొదటి పరిచయంలోనే వయసు అడుగుతారు, ఇవన్నీ చదవాలి. దానికే మూడేళ్ళు."

నిజమే. ఆ తర్వాత ఆ పిల్ల చెప్పగా విన్న సంగతులు నాకు చాలా దగ్గరగా తోచాయి. ఎదురుపడితే మన వైపు "అన్నం తిన్న్యావా?" అని పలకరిస్తాం. వారూ "పప్ మొగొస్సొయో?" అంటారు. అర్థం అదే, అన్నం తిన్నారా అని. మనకు ప్రభవ, విభవ అని అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్టే చైనా, కొరియా దేశాల్లోనూ అరవై ఏళ్ళ చక్రం ఉంది. అందుకే అరవై నిండితే వారు "హ్వాన్గప్" అని వేడుక చేస్తారు. మన షష్టిపూర్తికి పక్క వీధిలోని పండుగ అనుకోండి. కొత్త సంవత్సరం నాడు పిల్లలు పెద్దలకు మోకరిల్లి నమస్కరిస్తారు, పెద్దలు చేతిలో డబ్బు పెడతారు. పండుగ నాడు పితృదేవతలకు వంటకాలు పెట్టి మొక్కుతారు. అన్నని, అక్కను పేరు పెట్టి పిలవరు. కాకపోతే పిలిచేది ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. చెల్లెలు అక్కను "ఒన్నీ" అంటే, తమ్ముడు అక్కను "నూనా" అంటాడు. చలికాలానికి ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి కారం కలిపిన క్యాబేజీ ఊరవేస్తారు. మన ఇళ్ళలో ఎండాకాలం ఆవకాయ పెట్టినట్టు. 2013లో యునెస్కో దాన్ని మానవజాతి సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఆ కారం వారికీ మనకూ ఇద్దరికీ అమెరికా ఖండం నుంచి సముద్రం మీదుగా వచ్చినదే.

ఇట్లా తూర్పు దేశాల భాషలను కాలేజీలో చదవడం మన దేశంలో కొత్త కాదు. రవీంద్రనాథ ఠాగూరు శాంతినికేతనంలో 1937లోనే చీనా భవనం స్థాపించి చైనా భాష, సంస్కృతి నేర్పించాడు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొరియా భాషకు డిగ్రీ చదువు 1990లలోనే వచ్చింది. హైదరాబాదులో, మన తరం వాళ్ళు సీఫెల్ అని పిలిచిన ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చైనీస్, జపనీస్, కొరియన్ భాషలు నేర్పుతున్నారు. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో పిల్లలు నేర్వదగిన విదేశీ భాషల పేర్లు కొన్ని ఇచ్చారు. 2019 ముసాయిదాలో ఉన్న చైనా భాష పేరు తుది ప్రతిలో లేదు. కొరియా భాష పేరు మాత్రం ఉంది. దేశాల మధ్య సంబంధాలను బట్టి జాబితాలు మారతాయి. భాష మాత్రం ఎక్కడికీ పోదు. ఇంకా వెనక్కి పోతే, ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ మన ధాన్యకటకానికి వచ్చి, ఇక్కడి భిక్షువుల దగ్గర కూర్చుని బౌద్ధ శాస్త్రం చదువుకున్నాడు. ఆనాడు వాళ్ళు మన దగ్గర చదువుకోవడానికి వచ్చారు. ఈనాడు మన పిల్ల వాళ్ళది చదువుతానంటే నాకెందుకు కష్టమనిపించింది?

ఎందుకో చెప్తాను. ఈ మాట చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

మన ప్రాంతానికి పరభాషలు చాలాసార్లు వచ్చాయి. నవాబుల కాలంలో వచ్చిన పారసీ మాటలు మన కచేరీలో నిన్నటి దాకా ఉన్నాయి. తహసీలు, జమాబందీ, ఫసలీ, దరఖాస్తు అన్నీ అవే. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. అప్పటి నుంచి ఇంగ్లీషు వచ్చింది. ప్రతిసారీ ఆ భాష నేర్చినవాడి చేతిలో కలం ఉండింది, నేర్వనివాడి చేతికి వేలిముద్ర సిరా అంటింది. నేను కలం పట్టినవాళ్ళ వైపు ఉన్నాను.

నేను 1973లో ఉద్యోగంలో చేరాను. రాష్ట్రంలో అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది గానీ, నేను పని చేసిన ఒక కచేరీలో చాలా కాగితాలు ఇంకా ఇంగ్లీషులోనే నడిచేవి. 1976లో ఒక ముసలి రైతు వాఙ్మూలం రాసుకోవలసి వచ్చింది. బావిలో వాటా సంగతి. ఆయన తెలుగులో చెప్తూ పోయాడు, నేను ఇంగ్లీషులో రాస్తూ పోయాను. మధ్యాహ్నం భోజనం వేళ. కింద అలవాటైన మాట రాశాను: చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నాడు అని. వేలిముద్ర వేయించాను. నేను చదివి వినిపించలేదు. ఆయన చెప్పిన దాంట్లో ఒక షరతు ఉంది. తొందరలో ఆ షరతు నేను వదిలేశాను. కాగితం మీద ఆయన తన వాటా వదులుకున్నట్టు తేలింది.

కొన్ని నెలల తర్వాత ఆయన వచ్చాడు. కేకలు వేయలేదు. బల్ల ముందు నిలబడి, "సామీ, నేను చెప్పింది ఇదేనా?" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "వేలిముద్ర వేసింది నువ్వే కదా" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. బావి వాటా ఆయనకు తిరిగి రాలేదు. నాకు మెమో రాలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు. 2008లో పూలదండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపారు. ఆ మాట మాత్రం నాతో పాటే ఇంటికి వచ్చింది.

ఈ సంగతి ఇంట్లో నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ తగవు జరుగుతున్న రోజుల్లో మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. "తాతా, మన ఊరివాళ్ళూ, కొరియావాళ్ళూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టాలంటే, ఆ కాగితంలో ఏముందో రెండు పక్కలా సరిగ్గా చెప్పే మనిషి ఎవరుంటారు? ఎవరో ఒకరు మన పిల్లలే ఉండొద్దా?" ఆ పిల్లకు నా బావి కథ తెలియదు. నాకు మాత్రం ఆ ముసలాయన మళ్ళీ వచ్చి బల్ల ముందు నిలబడ్డట్టయింది. నేను లేచి వసారాలోకి పోయి చాలాసేపు కూర్చున్నాను. తిరిగి వచ్చి, ఆ పిల్లకు అంతా చెప్పాను.

రెండు భాషల మధ్య నిలబడేవాడిని మన పూర్వులు దుబాసీ అన్నారు. ద్విభాషి అన్న మాటే అట్లా అయింది. దుబాసీ అంటే దళారీ అనే చెడ్డ అర్థం కూడా లోకంలో ఉంది, అట్లాంటివాళ్ళూ ఉండినారు. కానీ కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీయే. ఆయన పేరు ఈనాటికీ గౌరవంగానే తలుచుకుంటున్నాం.

భాషను ఉద్యోగం కోసం నేర్చినవాడు ఎంత దూరం పోగలడో మన సీమలోనే సాక్ష్యం ఉంది. బ్రౌన్ దొర 1817లో మద్రాసుకు వచ్చాడు. సెయింట్ జార్జి కోట కాలేజీలో తెలుగు నేర్చుకున్నాడు. ప్రేమతో నేర్వలేదు. కుంపిణీ కొలువులో దేశభాషల పరీక్షలు ఉండేవి గనుక నేర్చుకున్నాడు. 1820లో కడపకు వచ్చాడు. పరీక్ష అయిపోయింది, జీతం వస్తోంది, అక్కడితో ఆగవచ్చు. ఆయన ఆగలేదు. పండితులను కూర్చోబెట్టుకుని తాళపత్రాలు వెదికించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. ఆ వేమన సమాధి మన కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది. 1852లో తెలుగు, ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల కడపలో బ్రౌన్ ఉన్న చోటనే ఆయన పేరున గ్రంథాలయం వెలసింది. పరీక్షకు చదివిన భాష ఆయనను వేమన దగ్గరికి చేర్చింది. మన పిల్ల కారు ఫ్యాక్టరీ చూసి మొదలుపెడితే తప్పేమిటి? ఎక్కడికి చేరుతుందో చూద్దాం.

మా వాడికి ఇదంతా చెప్పాను. వాడి భయం వాడిది. "నాయినా, రేపు ఆ కంపెనీ మరో చోటికి పోతే ఈ చదువు ఏం చేసుకోవాలి?" అన్నాడు. కాదనలేని ప్రశ్న. అందుకు నేను హామీ ఇవ్వలేను, ఏ చదువుకూ ఎవరూ ఇవ్వలేరు. మరొక ప్రశ్న మా చిన్న మనవడు వేశాడు: "ఫోనులో మాట్లాడితే అదే తర్జుమా చేస్తుంది కదా తాతా?" చేస్తుంది, నేనే చూశాను, బాగానే చేస్తుంది. దారి అడగడానికి, కూరగాయలు కొనడానికి చాలు. కానీ రేపు ఒక కాగితంలో షరతు ఒకటి జారిపోతే, "నేను చెప్పింది ఇదేనా?" అని అడగడానికి ఒక మనిషి ఎదురుగా ఉండాలి. ఆ మనిషి తలెత్తి జవాబు చెప్పగలగాలి. నేను చెప్పలేకపోయిన జవాబు అది.

చివరికి ఆ పిల్ల ప్రవేశ పరీక్ష రాసింది. ఇప్పుడు హైదరాబాదులో కొరియన్ చదువుతోంది. మొదటి సంవత్సరం ఫీజు, హాస్టలు ఖర్చు నా పెన్షనులో నుంచి కట్టాను. నకారా గారి పుణ్యం! ఆ భాషకు టోపిక్ అనే పరీక్ష ఉంది, మొత్తం ఆరు మెట్లు. మొదటి రెండు ఒక పరీక్ష, తక్కిన నాలుగూ మరొకటి. మా అమ్మాయి ఇప్పటికి రెండో మెట్టు మీద ఉంది. ఫోను చేసినప్పుడల్లా "పప్ మొగొస్సొయో" అని నేనే ముందు అడుగుతాను. నా ఉచ్చారణ విని నవ్వుతుంది. నవ్వనీ.

మిత్రులారా, మన సంఘానికి నావి రెండు మనవులు. ఒకటి, ఇలాంటి చదువులు చదువుతామని మన ఇళ్ళలో పిల్లలు అడిగితే, నా లాగా ముందే కాదనకండి. కూర్చోబెట్టి వినండి. ఏ భాష అయినా సరే, దాని వెనకనున్న మనుషులను కూడా చదవమనండి. రెండు, మన సంఘం గదికి సాయంత్రం పూట తాళమే ఉంటుంది. వారానికి రెండు రోజులు ఆ తాళం తీద్దాం. సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి అక్షరాలు నేర్పుతానంది. ఎర్రమంచి, అమ్మవారుపల్లి, సోమందేపల్లి పిల్లలు ఎవరు వచ్చినా సరే. మూడేళ్ళ చదువు అక్కడ దొరకదు గానీ, చదవాలన్న ఆశ దొరుకుతుంది. ఫీజు కట్టలేని పిల్లలకు పుస్తకాలు కొనడానికి నా వంతు నేనిస్తాను.

మనమంతా ఏదో ఒక రోజు ఎవరో ఒకరి చేత వేలిముద్ర వేయించినవాళ్ళమే. చదివి వినిపించామో లేదో మన మనసులకు తెలుసు. మన మనవలు, మనవరాళ్ళయినా సరిగ్గా చదివి వినిపించే కాలం రావాలని కోరుకుంటున్నాను.